మంచం కింద పొయ్యి

నిన్న పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోను టింగుమంది. కంపెనీవాళ్ళు ఒక ఫొటో పంపారు: భీమిలి దాటాక ఎక్కడో సముద్రపు ఒడ్డున ఎత్తయిన భవనం, బాల్కనీలో రెండు తెల్లకుర్చీలు, కింద మీ కొత్త వారానికి స్వాగతం అని పెద్ద పెద్ద అక్షరాలు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి విశాఖపట్నంలోనే పడి ఉన్నదాన్ని, నాకు సముద్రాన్ని ఫొటో తీసి చూపించడమేమిటని ఒళ్ళు మండి ఫోను బోర్లించాను. మంట వాళ్ళ మీద కాదు, నా మీదేనని కాఫీ చల్లారిపోయాక తెలిసింది.

మన ఈడువాళ్ళలో చాలామందికి ఈ టైమ్‌షేర్ భాగోతం తెలిసే ఉంటుంది. ఫలానా హోటల్లో భోజనానికి దంపతులిద్దరూ రావాలని పిలుస్తారు, పెరుగన్నం అయ్యేలోగా కొండల ఫొటోలూ మబ్బుల ఫొటోలూ చూపించేస్తారు, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కాగితాలు సిద్ధంగా ఉంటాయి. ఒకే ఇంటిని ఏడాది పొడుగునా వారాలుగా కోసి ఒక్కో వారం ఒక్కో కుటుంబానికి అమ్మడమన్నమాట. అప్పటికి మా ఆయన పోర్టులో పనిచేసి రిటైరైన కొత్త, నేను బడిపంతులమ్మగా ఇంకా రెండేళ్ళు సర్వీసున్నదాన్ని. అరకులోయ పక్కన, కాఫీ తోటలకి కొంచెం కిందగా, ఆరో నంబరు కాటేజీలో ఏప్రిల్ నెలలో ఒక వారం మాదైంది. వారం కొనుక్కున్నామని చెబితే మా అక్క, శనివారమా ఆదివారమా అని ఏడిపించింది గానీ, నా మటుకు నాకు కొండ మీద సొంత ఇల్లొకటి ఉందని మహా గర్వంగా ఉండేది.

మొదటి ఏడు కిరండూల్ రైలెక్కి, సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో ఉన్న పిల్లల్తో పాటు మేమూ కేకలు పెట్టుకుంటూ వెళ్ళాం. ఇల్లు ముచ్చటగా ఉంది. వేసవైనా తెల్లవారుజామున అక్కడ చలే, గచ్చు మీద కాలు పెడితే జివ్వుమనేది. ఒక్క చోట తప్ప. పడగ్గదిలో మా ఆయన పడుకునే వైపు, మంచం కింద నుంచి బయటికి ఒక చేటంత మేర, నేల వెచ్చగా ఉండేది. ఆయన పొద్దున్నే లేచి రెండు పాదాలూ అక్కడ ఆనించి కూర్చునేవారు, వేడినీళ్ళ గొట్టమేదో కింద నుంచి పోతోందని తేల్చేశారు. గదులు చూసే మేనేజరుని అడిగితే స్నానాల గది ఇటు కాదు, అటు పక్కనుంది, ఇక్కడ గొట్టమేమీ లేదన్నాడు. ఆ గదిలో ఒక్కోసారి కట్టెల పొగ వాసన కూడా వేసేది. నేను పట్టించుకోలేదు, కొండ ఊళ్ళో పొగ వాసన రాక పన్నీరు వాసన వస్తుందా అనుకున్నాను.

మూడోనాడు మా ఆయన సంతకి వెళ్ళారు. వెనక గుమ్మం దగ్గర నా ఈడుదే ఒక కొండమనిషి, చీరకొంగులో ఏదో మూటకట్టుకుని నిలబడింది. ఒక్కపాలి లోనికెళ్ళి వచ్చేస్తానంది. ఎందుకని అడిగితే ఆ పడగ్గది వైపు చూపించి చెప్పింది.

"మా పెద్దోలు లోపలే ఉండిపోనారమ్మా."

ఆమె చెప్పినదాన్ని బట్టి నాకర్థమైంది ఇది. ఆ కాటేజీ కట్టిన చోట మునుపు వాళ్ళ ఇల్లుండేది. వాళ్ళలో చనిపోయిన పెద్దలు పొయ్యి దగ్గరే కూర్చుని ఉంటారట. ఏటా మామిడి కొత్త పండగకి, తొలి కాయలు కోసి, పొయ్యి ముందు ఒక్కొక్కరి పేరూ పిలిచి ఆకులో పెడతారు. వాళ్ళు పుచ్చుకున్నాకే ఇంట్లోవాళ్ళు మామిడి పండు ముట్టేది. ఇల్లు మారితే పెద్దల్ని పిలిచి, పొయ్యి రాళ్ళతో సహా తీసుకెళ్ళాలి. కానీ వాళ్ళు ఖాళీ చేసే వేళకే రాళ్ళ మీద సిమెంటు పడిపోయింది. తర్వాత ఎంత పిలిచినా పెద్దలు కదల్లేదు. ఆ నేల కంపెనీ చేతికి ఎలా వెళ్ళిందో నేను అడగలేదు. అడగాల్సింది.

అడక్కపోగా, ఇది మా వారమమ్మా, డబ్బిచ్చి కొనుక్కున్నాం, దారినపోయే వాళ్ళని పడగ్గదిలోకి రానిస్తామా అని తలుపేశాను. పాఠం చెప్పే గొంతు నాది, గట్టిగానే అన్నాను. ఆమె గొడవ చెయ్యలేదు. ఇంటి చుట్టూ తిరిగొచ్చి, మా మంచానికి సరిగ్గా అవతల, గోడ బయట కూర్చుని ఆకులు పరవడం కిటికీలోంచి చూశాను. వచ్చి నడుం వాల్చాను. మిట్టమధ్యాహ్నం. గదిలో, మంచం పక్కన, ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. బయట కాదు, లోపల. వెంటనే ఎవరో సర్దుకుని కూర్చున్న అలికిడి. ఆ తర్వాత పంక్తిలో కూర్చున్నవాళ్ళు వడ్డన కోసం ఎదురుచూసేటప్పటి నిశ్శబ్దం. గదిలో పురుగన్నది కనబడలేదు. నేను చెప్పులు కూడా లేకుండా వీధి వరండాలోకి వచ్చి, మా ఆయన వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఆయన విని నవ్వారు గానీ, సాయంత్రం గోడ పక్కకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు. ఆకుల్లో కాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయట, చీమ కూడా పట్టలేదట. వాళ్ళింట్లో ఆ ఏడు ఎవరూ మామిడి ముట్టలేదని తర్వాత తెలిసింది.

మరుసటేడు ఆయనే తలుపు తీశారు, మంచం కూడా ఆయనే పక్కకి జరిపారు. ఆమె అయిదు ఆకులు వేసింది, వాళ్ళ భాషలో అయిదుగురిని పిలిచింది, మామిడి ముక్కలు పెట్టి తల వంచుకుని కూర్చుంది. కాసేపటికి గదిలో పొగ వాసన గుప్పుమని, అంతలోనే పోయింది. ఆమె మొహం విప్పారింది. పుచ్చుకున్నారంది. ఒక ముక్క మా ఆయన చేతిలోనూ పెట్టింది. మిగతా వారాలవాళ్ళెవరూ తలుపు తీసేవారు కాదు కనక, అప్పట్నుంచీ వాళ్ళ ఇంటి పండగ మా వారంలోనే జరిగేది. పుర్రెకో బుద్ధి అన్నారు, ఆఫీసులో పండగ చందా కూడా ఇవ్వని మనిషి, ఏటా ఆ వేళకి స్నానం చేసి, గోడకి చేరగిలబడి, ఆ ఆకుల పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. ఆ కాసేపూ నేను గుమ్మం దాటి లోపలికి వెళ్ళేదాన్ని కాదు. నాకు భయం.

ఆయన పోయింది ఒక డిసెంబరులో, గుండె పట్టేసి, గంటలో. ఆ తర్వాతి ఏప్రిల్‌లో అక్క వద్దన్నా వినకుండా ఒక్కదాన్నే వెళ్ళాను. కొండ మీద ఎవరికీ కబురు తెలియదు. నేను బొట్టు ఎప్పటిలాగే పెట్టుకుంటాను, చూసి పోల్చుకునేదీ లేదు. ఆమె వచ్చింది, మంచం ఇద్దరం కలిసి జరిపాం, నేను గుమ్మంలోకి వచ్చేశాక ఆకులు పరిచింది. ఆరు. పొరపాటు పడిందనుకుని, ఆరోది ఎవరికని గుమ్మంలోంచే అడిగాను. ఆమె నా వంక వింతగా చూసింది.

"బాబు నీకంటే బేగొచ్చీసినారు కదమ్మా. అదిగో, ఎప్పుడూ కూకున్న కాడే కూకున్నారు."

గోడ పక్కన ఎవరూ లేరు. భయపడలేదంటే అబద్ధం. అయినా ఆ రోజు మొట్టమొదటిసారి, ఆకులు పరిచి ఉండగానే లోపలికి వెళ్ళి, ఆయన కూర్చునే చోట అరచెయ్యి ఆనించాను. అంతకు ముందెప్పుడూ అక్కడ గచ్చు చల్లగానే ఉండేది. ఇప్పుడు వెచ్చగా ఉంది. ఏడ్చాను, సిగ్గు లేకుండా, వెక్కి వెక్కి. ఆ తర్వాత ఏడేళ్ళు నేను కొండెక్కింది విహారానికి కాదు.

మరి అంతదాన్ని ఎందుకు వదులుకున్నావని మీరడుగుతారు. మొన్న సంక్రాంతి వెళ్ళాక కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. కొండ మీద కాటేజీలు కొత్తగా కడుతున్నాం, మీ వారాన్ని సముద్రం ఒడ్డుకి మారుస్తాం, లిఫ్టుంది, మెట్లుండవు మేడమ్ అంది. ఆ వేళ నాకు మోకాళ్ళు సలుపుతున్నాయి. కొత్తగా కట్టడమంటే రంగులు వేస్తారనుకున్నాను, కట్టాక అడిగి వెనక్కి మార్చుకోవచ్చనుకున్నాను. సంతకానికి బదులుగా ఫోనుకొచ్చిన నంబరు చదివి చెప్పమంటే, కళ్ళజోడు పెట్టుకుని మరీ, ఒక్కొక్క అంకే స్పష్టంగా చదివాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి కాగితం చదివాకే సంతకం పెట్టాలని చెప్పినదాన్ని.

ఏప్రిల్ వచ్చాక మనసాగక కారు మాట్లాడుకుని వెళ్ళాను. అక్కడ ఇళ్ళు లేవు. ఒకటో నంబరు లేదు, ఆరో నంబరు లేదు, చెట్లు కూడా లేవు. కొండవాలు మొత్తం చదును చేసి ఎర్రమట్టి పరిచేశారు. ఆ మట్టిలో ఆమె వట్టి కాళ్ళతో, అడుగులో అడుగు వేసుకుంటూ, నేలని పాదాలతో తడుముకుంటూ తిరుగుతోంది. పొద్దుటి నుంచీ తిరుగుతోందట. నన్ను చూసి కోప్పడలేదు. ఆశగా దగ్గరికొచ్చింది.

"నీ మంచం ఏ పక్కనుండేదమ్మా?"

తన ఇంటి జాడ నన్నడిగింది. నేనూ చెప్పులు విడిచి తిరిగాను. ఎక్కడ అడుగు పెట్టినా ఎండకి కాలిన మట్టే, ఏది ఎండ వేడో ఏది కాదో తెలియలేదు. చివరికి ఆమె మొహం చూడలేక ఒక చోటు చూపించి, ఇక్కడే అన్నాను. నాకు తెలియదు. తెలియకుండానే చెప్పాను. ఆమె నన్ను నమ్మి కూర్చుంది, ఆరు ఆకులు పరిచింది, ఆరుగురినీ పిలిచింది, చివర మా ఆయన్ని బాబూ అని పిలిచింది. గాలి కూడా ఆడలేదు. నీడలు కాళ్ళ కిందకొచ్చి మళ్ళీ అటు సాగేదాకా కూర్చున్నాం. అప్పుడు ఆమె ముక్కలన్నీ ఏరి మూటకట్టుకుంది, ఒక్కటీ నోట్లో వేసుకోలేదు, నాకూ ఇవ్వలేదు. పుచ్చుకోలేదనీ చెప్పలేదు. దిగువకి నడిచి వెళ్ళిపోయింది.

మన రోజుల్లో ఇల్లు మారితే పాలు పొంగించి, దేవుడి పటాన్ని అన్నిటికంటే ముందుగా పట్టుకెళ్ళి, పాత ఇంటి గడపకి దణ్ణం పెట్టి వచ్చేవాళ్ళం. ఇప్పుడు ఫోనులో అంకెలు చదివితే చాలు, మారిపోతాం. ఈ ఏడు మార్కెట్లో మామిడి బాగా దిగిందట, మా అక్క బంగినపల్లి బుట్ట పంపింది. గది నిండా వాసన. పక్కింటివాళ్ళకి పంచేశాను. కొండ మీద ఆమె ఇంట్లో తినందే నేనెలా తినను?