ఇంటర్వ్యూ గది బయట మా టైపు మేడమ్

పోయిన వారం కుప్పం నుంచి ఫోన్ వచ్చింది. మా టైపు మేడమ్ పోయారని వాళ్ల తమ్ముడు చెప్పాడు. నిద్రలోనే పోయారట. నమ్మబుద్ధి కాలేదు. నాకు తెలిసిన మేడమ్ ఒక్కచోట కుదురుగా ఉండే మనిషి కాదు. ఫోన్ పెట్టేశాక నాకూ కాలు నిలవలేదు. వంటగదికీ వాకిలికీ మధ్య ఊరికే తిరిగాను.

తొంభైల చివర్లో ఆమె రోజూ పుంగనూరు నుంచి బస్సులో వచ్చి మదనపల్లెలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. టెన్త్ ఎట్లాగో గట్టెక్కి ఇంటర్‌లో చేరిన నన్ను నాన్న అక్కడ చేర్పించాడు. నాన్నది టమాటా మండీలో వ్యాపారం. చదువు అబ్బకపోయినా చేతిలో ఒక పనైనా ఉంటుందని ఆయన ఆశ.

ఎదురుగా 'ఫ్రమ్' అని ఉంటే నేను 'ఫామ్' అని కొట్టేదాన్ని. వరసలు దాటేసేదాన్ని. మేడమ్ తిట్టలేదు. ఒకరోజు మిషన్ల మధ్య తిరుగుతూ ఒక పేరా పైకి చదివి, మళ్లీ చెప్పమన్నారు. పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఆమె టక్కున ఆగిపోయారు. "కండ్లు తప్పు సూస్తాండాయి. నువ్వు కాదు" అన్నారు.

ఎక్కడో పత్రికలో చదివిన సంగతి గుర్తుపెట్టుకుని, నాన్నను ఒప్పించి, నన్ను బెంగుళూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయారు. అక్షరాలు చదవడంలో వచ్చే ఈ ఇబ్బందిని డిస్లెక్సియా అంటారని ఆవిడ చెప్పింది. తెలివికీ దానికీ సంబంధం లేదంది. ఆ పేరు బయటికి పొక్కితే పిల్లకు పిచ్చి అనుకుంటారని అమ్మ భయపడింది. మేడమ్ మాత్రం ప్రతి ఆదివారం నన్ను పుంగనూరు పిలిపించుకుని, మిద్దె మీద నడుస్తూ ఇంటర్ పుస్తకాలు పైకి చదివారు. ఆమె వెనకాలే నడుస్తూ నేను విన్నాను. అలాగే ఇంటర్ పాసయ్యాను.

ఎకనామిక్స్ చదవాలని నాకు పట్టుదల. ఇంటర్వ్యూ చేసి కొద్దిమందినే తీసుకునే కాలేజీలు బెంగుళూరులో రెండు చూసుకున్నాం. ఉన్నది ఉన్నట్టు చెప్పమని మేడమ్ అన్నారు. మొదటి కాలేజీలో కూర్చోగానే, నాకు డిస్లెక్సియా ఉందని చెప్పాను. వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇక్కడి చదువు నీకు కష్టమమ్మా అన్నారు. ఇంకేమీ అడగలేదు.

సంగతి కనుక్కోడానికి ఇంటికొచ్చిన మేడమ్‌ను నాన్న గొంతు పెంచకుండానే అడిగాడు. "మీరు చెప్పమంటిరి, పాప చెప్పె. ఇప్పుడేమొచ్చె మేడమ్?"

ఆ మాట ఆమె లోపల ఎంత తిరిగిందో రెండో ఇంటర్వ్యూ రోజున తెలిసింది. నాన్నకు మండీలో పని ఉండి ఆమే నాతో వచ్చారు. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు. "ఈసారి వద్దులేమ్మా. మార్కులు తగ్గినాయేమని అడిగితే పరీక్షలప్పుడు జ్వరమొచ్చిందని చెప్పు." సరేనన్నాను.

లోపల నిజంగానే మార్కుల గురించి అడిగారు. జ్వరం అన్న మాట నోటిదాకా వచ్చింది. సీటొచ్చాక ఆ జ్వరాన్ని మూడేళ్లు మొయ్యాలి కదా అనిపించింది. ఈసారి డిస్లెక్సియా అన్న పేరుతో మొదలుపెట్టలేదు. నేను విని చదువుతాను, విన్నది మరచిపోను, కాగితం మీద చదవడానికీ రాయడానికీ ఎక్కువసేపు పడుతుంది అన్నాను. ఆ తర్వాతే పేరు చెప్పాను. వాళ్లలో ఒక పెద్దావిడ, ధర పడిపోతే రైతులు టమాటాలు రోడ్డు మీద ఎందుకు పారబోస్తారని అడిగింది. కోత కూలి, బండి బాడుగ, మండీ కమీషను గురించి నాన్న ఇంట్లో రోజూ చెప్పేదంతా చెప్పాను. ఆవిడ ఇంకా ఇంకా అడిగింది.

సీటు ఇచ్చారు. పరీక్షల్లో ఎక్కువ టైమూ ఇచ్చారు. అయినా ఒక్క సెమిస్టరూ సులువుగా గడవలేదు.

కంప్యూటర్లొచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక మేడమ్ కుప్పంలో తమ్ముడింటికి వెళ్లిపోయారు. చివరిసారి నేను పోయినప్పుడు, ఉద్యోగంలో కూడా చెప్తాండావా అని అడిగారు. ఒకచోట చెప్పాననీ, ఒకచోట చెప్పలేదనీ అన్నాను. "ఏది మంచిదో నాకు ఇప్పటికీ తెలీదమ్మా" అన్నారు. మేడమ్, నాకూ తెలియదు. ఆ సంగతి ఇంకెవరితో మాట్లాడాలో అసలే తెలియదు.

ఆ రోజు ఇంటర్వ్యూ గది నుంచి నేను బయటికి వచ్చేసరికి ఆమె వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తున్నారు. వాచ్‌మన్ వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. "చెప్పేసినాను మేడమ్" అన్నాను. ఆమె చెట్ల దగ్గరున్న కొళాయి వైపు వెళ్లిపోయారు. భుజాన బ్యాగైనా తియ్యకుండా వంగి, దోసిళ్లతో నీళ్లు మొహం మీద కొట్టుకుంటూనే ఉన్నారు. చీర కుచ్చిళ్లు తడుస్తున్నా కొళాయి కట్టెయ్యలేదు.