బాలరాజ్ తీసేసిన వరుసలు

మా వాడకట్టు బాలరాజ్‌కు బాన్సువాడలో కంప్యూటర్ల దుకాణంలో ఉద్యోగం. మనసు మాత్రం లినక్సు మీద. లోకమంతా ఉచితంగా వాడుకునే ఆ సాఫ్ట్‌వేర్‌లో, నెట్‌వర్క్ కార్డును నడిపించే భాగాన్ని బాగుచేస్తూ కూర్చునేవాడు. జీతం లేదు, భత్యం లేదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని ఏడిపిస్తే నవ్వేవాడు.

కూలికి పోయొచ్చిన తల్లి చిన్నవ్వ ఒకనాడు అడిగింది.

"గంత సేపు ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"కార్డు పేరును ఒకకాడ రాసుకొని, ఆడికెల్లి ఇంకోకాడికి ఎక్కిస్తుండ్రే అవ్వా. వడ్లు ఒక సంచిల పోసి, మల్ల ఇంకో సంచిల పోసినట్టు. నడిమి సంచి అసొంటి వరుసలు తీసేస్తున్న."

"తీసేసుడు గూడ పనేనా?"

"కలుపు తీసుడు పని గాదా మరి?"

ఆ మార్పును పంపిన వారంలోనే బాలరాజ్ పోయాడు. నస్రుల్లాబాద్ రోడ్డు మీద లైటు లేకుండా నిలిపిన వడ్ల ట్రాలీకి వాడి బండి గుద్దుకుంది. ఆ ట్రాలీ నిలిపినవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండుతుంది.

కర్మకాండలయ్యాక వాడి మెయిల్‌కు లినక్సును చూసుకునేవాళ్ల నుంచి జవాబొచ్చింది. మార్పు బాగుందట, వాడు రాసినదాంట్లో ఇంకో మాట కూడా అనవసరంగా ఉందట, అదీ తీసేసి మళ్లీ పంపాలట. పంపకపోతే అది మూలన పడిపోతుంది. వాడి భార్య వర్షకు ఆ విద్య వచ్చు. దుకాణంలో పనిచేసే ప్రకాష్ సలహా ఇచ్చాడు.

"మొత్తం నీ పేరు మీదనే పంపు వదినా. జల్ది అయితది."

"వద్దు. రాసింది ఆయన. ఆయన పేరే ఉండాలె."

అక్కడి పద్ధతి ప్రకారం రాసినవాడి పేరు పైన, పంపినవాళ్ల పేరు కింద ఉంటాయి. వర్ష ఆ ఒక్క మాటా తీసేసి, భర్త పేరు కింద తన పేరు రాసింది. ఆయన చనిపోయాడని కూడా రాద్దామనుకుంది. చేతులు రాలేదు. అలాగే పంపేసింది.

కొన్నాళ్లకు మార్పును తీసుకున్నామని కబురొచ్చింది. చిన్నవ్వ పక్కనే కూర్చుంది.

"ఏమంటుండ్రు బిడ్డా?"

"మంచిగ చేసిండంట అత్తమ్మా. థాంక్స్ చెప్పుమంటుండ్రు. గిసొంటియే ఇంకా ఉన్నయంట, గవి గూడ ఆయన్నే చెయ్యమంటుండ్రు."

చిన్నవ్వ ఆ తెర వంక చూసింది.

"వాడు లేడని చెప్పలేదా?"

"చెప్పలే అత్తమ్మా. ఇప్పుడు చెప్తా."

కీబోర్డు మీదికి పోతున్న కోడలి చేయి పట్టుకుంది చిన్నవ్వ.

"చెప్పకు బిడ్డా. గాళ్ల లెక్కలనన్న నా కొడుకును బతికుండనియ్యి."