సగం వేగానికి ఒప్పుకోని అత్త

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త పోయింది" అన్నాడు. నేను నెల్లిమర్లలో బస్సు దిగేసరికే వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టేసి ఉంది. ఫొటో కింద "శాంతమూర్తి, అందరితో సర్దుకుపోయిన మనిషి" అని రాశారు. దినాలు అయ్యేదాకా నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, అది అబద్ధం. మా అత్త దేనితోనూ సర్దుకుపోలేదు. ఆవిడను మంచిదనడానికి అబద్ధాలు అక్కర్లేదు.

మా నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. జూట్ మిల్లు దారిలో ఒక ఇరుకు గదిలో ఇరవై ఏళ్ళు పెళ్ళి వీడియోలు కూర్చి సీడీలు చేసింది, తర్వాత పెన్‌డ్రైవ్‌లలో ఇచ్చింది. మొదట్లో కెమెరా కూడా తనే పట్టేది. ఒక పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్దాయన, "ఆడమనిసి కేమెరా పట్టడమేటి, మగోలు లేరేటి?" అన్నాడట. అత్త కెమెరా దించకుండానే, "ఉన్నారు బాబూ, తవరు పక్కకి జరిగితే పెళ్ళికొడుకు కూడా కనపడతాడు" అందట.

ఆవిడకు ఒక అలవాటుండేది. ఏ వస్తువు కొన్నా దానితో వచ్చిన కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివేది. మిక్సీ కాగితమైనా, మందు సీసాలోని కాగితమైనా సరే. నేను నవ్వితే, "రాసినోడు ఊరికే రాయడే. ఎవుడో ఒకడు సదవాలి కదా" అనేది.

మూడేళ్ళ క్రితం సంగతి. రామతీర్థం దగ్గరి ఒక ఊరి తప్పెటగుళ్ళ దళం ఆటను అత్త మూడు కెమెరాలతో తీసింది. గుండెలకు రేకు తప్పెట్లు కట్టుకుని, వాయిస్తూ గెంతే ఆట అది. ఆ వీడియో సోమవారానికల్లా పంపితే, పై రాష్ట్రంలో జరిగే ఉత్సవానికి దళాన్ని ఎంపిక చేస్తారట. దళం గురువుకి అరవై దాటాయి. "ఈ యేడు ఎల్లకపోతే ఇంక లేదు సెల్లీ. మోకాళ్ళు ఒగ్గేస్తన్నాయి" అన్నాడు.

అత్త కంప్యూటర్ ఆ బరువు మోయలేక మధ్యలోనే ఆగిపోయేది. అందుకని విజయనగరంలో కొత్త ప్రాసెసర్ వేయించుకొచ్చింది. తీరా చూస్తే ముందుకన్నా నెమ్మది. ఆ శనివారం నేను కొత్తవలసలో పాఠాలు చెప్పే బడి అయ్యాక అక్కడికి వెళ్ళాను. అత్త ప్రాసెసర్ పెట్టె ఒక చేత్తో పట్టుకుని తెర వైపు చూస్తోంది. పెట్టె మీద మూడు గిగాహెర్ట్జ్‌లకు పైనే రాసి ఉంది. తెర మీద వేగం చూపే అంకె ఒకటి కూడా దాటడం లేదు.

షాపతనికి ఫోన్ చేసింది. "మీది పాత మదర్‌బోర్డమ్మా. దానికి అంతే వస్తాది. కొత్త బోర్డు ఏయించుకోండి. అయినా నడుస్తన్నాది కదా" అన్నాడు.

"నడవడానికి నా పాతదే ఉన్నాది బాబూ. ఇది పరిగెడతాదని తెచ్చినాను" అని ఫోన్ పెట్టేసింది.

నేను ఊరుకోలేక, "పోనీలే అత్తా, ఇది ఇంతే అనుకుని వీడియో ఇంకెవరి చేతైనా చేయిద్దాం" అన్నాను. నా వైపు తిరిగిన చూపు ఇంకా గుర్తుంది. "తక్కువతో సరిపెట్టుకోడం మంచితనం కాదే, బద్ధకం."

కేబినెట్ విప్పింది. ఫ్యాన్ తిరుగుతోంది, వేడేమీ లేదు. విండోస్‌లో కరెంటు పొదుపు చేసే సెట్టింగు మార్చింది. అంకె కదల్లేదు. అప్పుడు ఆ బోర్డు కంపెనీ సైటు తెరిచి, కళ్ళజోడు పైకి తోసుకుంటూ ఒక్కొక్క వరుసా చదివింది. చాలాసేపటికి వేలు ఒకచోట ఆగింది. ఆ బోర్డుకు ఈ ప్రాసెసర్ పడుతుంది. కాకపోతే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే బయోస్ అనే చిన్న ప్రోగ్రాం కొత్తది ఉండాలి. ఆవిడది పాతది. కొత్త ప్రాసెసర్ ఏమిటో ఆ పాత బయోస్‌కి తెలియక, దాన్ని అతి తక్కువ వేగంలోనే నడుపుతోంది.

మళ్ళీ షాపుకు ఫోన్ చేసింది. అతను భయపడ్డాడు. "అది మారస్తన్నప్పుడు కరెంటు పోతే బోర్డు సచ్చిపోద్దమ్మా. నాను సెయ్యను, మీరూ సెయ్యకండి."

అత్త అడిగితే, ఆదివారం పొద్దున్నే గురువు, దళంలో ఇంకొకాయన కలిసి అత్త ఇంట్లోని ఇన్వర్టర్‌ని, బ్యాటరీని ఆటోలో తెచ్చారు. మోకాళ్ళ మీద చేతులు ఆన్చుకుంటూ గురువు మెట్టెక్కాడు. ఇన్వర్టర్‌కి యూపీఎస్, యూపీఎస్‌కి కంప్యూటర్ కలిపింది అత్త. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, "ఈ పూట లైను పనేటైనా ఉన్నాదా?" అని అడిగింది. లేదన్నారు.

కొత్త బయోస్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి మీట నొక్కింది. తెర మీద పచ్చ గీత పాకడం మొదలైంది. సగం దాటిందో లేదో, ఇన్వర్టర్‌కి కలపని పైనున్న ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయింది. గురువు "అమ్మో!" అన్నాడు. యూపీఎస్ కీచుమని ఒకసారి అరిచి ఊరుకుంది. తెర వెలుగుతూనే ఉంది.

"అరవకండి. అది సదువుకుంటన్నాది" అంది అత్త. నా ముంజేతిని ఆవిడ ఎంత గట్టిగా పట్టుకుందంటే, నా గాజు చర్మంలో దిగబడింది.

గీత నిండింది. కంప్యూటర్ ఆగి, మళ్ళీ లేచింది. అంకె చూశాం. మూడు దాటింది. అత్త వెంటనే షాపతనికి ఫోటో పంపి, కింద "పాత బోర్డే" అని రాసింది. సోమవారం మధ్యాహ్నానికి వీడియో వెళ్ళింది. దళం ఎంపికైంది. గురువు మోకాళ్ళకు గుడ్డలు చుట్టుకునే అక్కడ ఆడి వచ్చాడు.

కాలక్రమేణా అందరూ ఆవిడ గురించి మెత్తగా చెప్పడం మొదలుపెడతారని తెలుసు. నేను మాత్రం ఆ సోమవారాన్నే చెబుతాను. పంపే ముందు అత్త దళాన్నంతా పిలిచింది. ఎనిమిదిమంది ఆ ఇరుకు గదిలో ఒకరి భుజం మీదుగా ఒకరు తమ ఆట తామే చూసుకుంటున్నారు. కాసేపటికి ఒకాయన మడమ కదిలింది, తర్వాత పక్కాయనది. తప్పెట్లు లేని గుండెల మీద వేళ్ళు మెల్లగా తాళం వేస్తున్నాయి. అత్త తెర వైపు చూడనే లేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి, సిమెంటు నేల మీద లేస్తూ పడుతున్న ఆ పదహారు పాదాలనే చూస్తోంది.