వాగు అవతలి గూడెం

మొన్న చర్ల బస్సు కోసం నిలబడి ఉంటే ఎవరో పచ్చి వేపాకు పొగ పెట్టారు. ఆ ఘాటు తగలగానే నాకు చిన్నతనం గుర్తొచ్చింది. వానాకాలమంతా మా గూడెంలో ప్రతి ఇంట్లో ఆ పొగే. దోమలు పోతాయని అమ్మ కుంపట్లో వేపాకు వేస్తే, కళ్ళు మండుతున్నా జొన్న గటక తింటూ, కప్పు మీద వాన చప్పుడు వింటూ పిల్లలమంతా ఒకరినొకరు ఆనుకుని కూర్చునేవాళ్ళం.

రోడ్డు, బోరింగు, బడి, సూదులేసే నర్సమ్మ, అన్నీ వాగుకు ఆ పక్క ఊళ్ళోనే. అక్కడ ఇల్లు కట్టుకోవడానికి మావాళ్ళకు ఎవరూ జాగా ఇవ్వలేదు. మేము ఇసుకలో చెలమ తవ్వుకుని ఆ నీళ్ళే తాగేవాళ్ళం. బడికి వెళ్తే ఊరి అరుగుల మీద తెల్లజుట్టు తాతలు వరసగా కనిపించేవారు. మా గూడెంలో అలాంటివాళ్ళు ఒకరో ఇద్దరో. ముసలితనం ఊరివాళ్ళకే వస్తుందని చాలాకాలం అనుకున్నాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, వారంగా చలిజ్వరంతో పడి ఉన్న మా చిన్నమ్మ సమ్మక్కకు పొద్దున్నే పురిటి నొప్పులు మొదలయ్యాయి. నాయన, మరో ముగ్గురు నులకమంచానికి వెదుళ్ళు కట్టి ఆమెను మోసుకుంటూ వాగు దగ్గరికి వచ్చారు. వాగు ఎర్రగా పొంగుతోంది. ఊరి పొలాల దగ్గర కల్వర్టు ఉంది కానీ, అటు తిరిగి వెళ్ళాలంటే రెండు గంటలు.

"ఇన్ని నీళ్ళల్ల ఎట్ల దిగుతరు?" అంది అమ్మ.

"చుట్టు తిరిగేదాక పానం ఆగదు. జల్దీ నడువుండ్రి," అన్నాడు నాయన.

నన్ను గట్టు మీదే ఉండమని చెప్పి అమ్మ కూడా దిగింది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాక మంచాన్ని తలల మీదికి ఎత్తారు. ఒకాయన కాలు జారితే మంచం ఒరిగింది. చిన్నమ్మ పట్టెను రెండు చేతులా పట్టుకుంది. వాళ్ళు ఒడ్డెక్కి చెట్ల వెనక మాయమయ్యేదాకా నేను కదల్లేదు.

మధ్యాహ్నానికి అవతలి గట్టున నాయన ఒక్కడే కనిపించాడు, తువ్వాలులో ఏదో చుట్టి పట్టుకుని.

"ఆడపిల్ల!" అని అరిచాడు.

"చిన్నమ్మేది నాయనా?"

నాయన బిడ్డను గుండెకు హత్తుకుని అక్కడే బురదలో కూలబడ్డాడు. జ్వరానికి ఒంట్లో రక్తమే మిగల్లేదని, ముందే తేవాల్సిందని నర్సమ్మ అందట.

ఇప్పుడు వాగు మీద వంతెన ఉంది. చెలమలూ గడ్డి ఇళ్ళూ పోయాయి. మంచం మోసిన నలుగురూ యాభై దాటకుండానే పోయారు, తర్వాత అమ్మ పోయింది. ఆ బిడ్డ, మా రాధ, చిన్నమ్మ వయసు దాటింది. వచ్చినప్పుడల్లా, "మా అమ్మ ఎట్లుండేదక్కా?" అని అడుగుతుంది. ఫోటో ఒక్కటీ లేదు. చెప్పడానికి నేనే మిగిలాను. నాకు మాత్రం ఆ మంచం పట్టెను పట్టుకున్న చేతులే గుర్తున్నాయి.