మునగని కప్ప

కప్పని రోడ్డూ ఏరూ దాటించే కంప్యూటర్ ఆటలో క్లిఫర్డ్ చేతిలో చచ్చిన కప్పల్ని లెక్కపెడితే తానుండే హాలిఫాక్స్ ఊరి జనాభాకి రెండింతలు తేలతాయి. ఆ కప్పాటని అనుకరించిన ఆటలవి ఆయన దగ్గర పదకొండు క్యాసెట్లున్నాయి. శనివారం పాత కంప్యూటర్ల క్లబ్బులో, కంప్యూటర్ కీచుమంటూ క్యాసెట్లోంచి ఆటని మింగే అయిదు నిమిషాలూ ఫ్లాస్కులో టీ కూడా ముట్టడు. అన్నిట్లోకీ ఇష్టమైనది, పత్రికలో అచ్చయిన ప్రోగ్రాం ఆయన చదువుతుంటే భార్య బెరిల్ టైపు చేసినది. అందులో కప్ప ఏట్లో పడ్డా చావదు.

మొన్న క్లబ్బు స్నేహితుడు ట్రెవర్ ఆ పత్రికే వెతికి పట్టుకొచ్చాడు. "ఒరే, నలభై ఏళ్లుగా దొంగాట ఆడుతున్నావురా! మీ ఆవిడ ప్రోగ్రాంలో కప్పని ముంచే వరస వదిలేసింది. సరిచేసి ఈ క్యాసెట్ మీదే ఎక్కించేస్తా, జరుగు." క్లిఫర్డ్ క్యాసెట్ మీద అరచెయ్యి పరిచాడు. "వదిలెయ్యలేదురా. ఆ వరసా నేను చదివాను. 'పాపం, దాన్ని చంపడమెందుకు?' అని తనే కావాలని టైపు చెయ్యలేదు." బెరిల్ పోయి ఆరేళ్లు. ట్రెవర్ పత్రిక మడిచి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సరే, ఆ కప్పని నన్నోసారి పడెయ్యనీ ఏట్లో."