సోఫా షాపుకు ఇన్సూరెన్స్

కెనడాలోని సర్రీలో ఫిల్మ్ డిప్లొమా చదివేటప్పుడు, చివరి సెమిస్టర్‌లో తలా ఒక పది నిమిషాల సినిమా తీయాలి. నా కథలో ఇద్దరమ్మాయిలు రోడ్డు పక్కన ఎవరో వదిలేసిన సోఫాను ఇంటికి తెచ్చుకుని, దానికి కొత్త గుడ్డ వేయించడానికి ఒక షాపుకు తీసుకెళ్తారు. ఐదుగురం అద్దెకుండే మా బేస్‌మెంట్‌లోకి సోఫా అలాగే వచ్చింది కాబట్టి కథ కోసం పెద్దగా ఆలోచించలేదు.

నేను పార్ట్‌టైమ్ చేసే కాఫీ షాపు వెనక వీధిలో ఒక అంకుల్ సోఫాలకూ కారు సీట్లకూ కవర్లు కుట్టేవారు. ఫిజీ నుంచి వచ్చినవారు. చెరుకు తోటల్లో పనికని ఫిజీ వెళ్లిన ఆయన ముత్తాత తెలుగువాడట. అవ్వ నేర్పిన తెలుగు అంకుల్‌కు కాస్త మిగిలింది. అందులో ఎక్కువ భాగం తిండి మాటలు, తిట్లు. ఆంటీకి అదీ రాదు. ఆవిడ ఫిజీ హిందీలో మాట్లాడితే నేను కరీంనగర్ హిందీలో జవాబిచ్చేదాన్ని. షూటింగ్ అనగానే అంకుల్ ఒప్పుకున్నారు. ఆదివారం షాపు మూసే ఉంటుంది, మీ ఇష్టం అన్నారు.

పని ఇంత తేలిగ్గా అయిపోయిందేమిటా అనుకుంటూ కాలేజీ రిస్క్ ఆఫీసుకు వెళ్లాను. కాలేజీ ఇన్సూరెన్స్ మా షూటింగ్‌కు వర్తించాలంటే అక్కడ ఒక ఫారం నింపాలి. నిప్పు, నీళ్లు, ఎత్తు, ఆయుధాలు, జంతువులు అని వరసగా ప్రశ్నలు. ఏదీ దాచకూడదని అన్నీ రాసేశాను. షాపులో అగరబత్తి వెలుగుతుంది. గుడ్డ కోసే కత్తెర మూరెడు ఉంటుంది. ఒక పిల్లి ఉంటుంది.

పిల్లి దగ్గర ఆఫీసరమ్మ పెన్ను ఆగింది. అది నటిస్తుందా అని అడిగారు. లేదన్నాను. మరి ఫ్రేములోకి వస్తుందా అన్నారు. అది దాని ఇష్టమన్నాను. నటించే జంతువుకైతే చూసుకునే మనిషి ఉండాలనీ, నటించనిదైతే అసలు అక్కడ ఉండకూడదనీ ఆవిడ తేల్చారు. అగరబత్తిని వెలిగించకుండా గుచ్చుకోవచ్చు. కత్తెరను అంకుల్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ప్రతి లైట్ స్టాండు కాలి మీదా ఇసుక సంచి ఉండాలి. అన్నిటికీ తలూపి సంతకం పెట్టాను.

వారం తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. మా వల్ల షాపులో నష్టం జరిగితే ఓనరుకు ఇబ్బంది రాకుండా అంకుల్ పేరు పక్కన ‘అడిషనల్ ఇన్ష్యూర్డ్’ అని వేశారు. దాన్ని షాపులో ఇచ్చి డ్యూటీకి వెళ్లిపోయాను. మర్నాడు ఆంటీ కాఫీ షాపుకే వచ్చారు. అందరిలాగే లైన్లో నిలబడి, వంతు వచ్చాక ఆ కాగితం కౌంటర్ మీద పెట్టారు.

“మా ఆయన పేరు మీద పాలసీ నువ్వెందుకు తీసుకున్నావు?” అన్నారు హిందీలో.

వెనకున్న పంజాబీ పెద్దాయన నా జవాబు వినడానికి ముందుకు వంగాడు. అది ప్రాణానికి కాదు, షాపుకు అని చెప్పాను. మరి డబ్బు దగ్గర అన్ని సున్నాలెందుకు, ఆయనకేమైనా అయితే అదంతా కాలేజీకా నీకా అన్నారు ఆంటీ. ఆయనకేమీ కాదు, కూర్చుని కుట్టుకుంటారంతే అన్నాను. ఏమీ కానప్పుడు కాగితమెందుకన్నారు. జవాబు వెనక నుంచి వచ్చింది. ఆ పెద్దాయన ట్రక్కు డ్రైవరట. లయబిలిటీ అంటే ఏమిటో నాకన్నా బాగా వివరించాడు. ఆంటీ సగమే నమ్మారు. షూటింగ్ రోజు తానూ ఉంటానని చెప్పి, కాఫీ తాగకుండా వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున్నే ఆంటీ పిల్లిని ఇంట్లో దింపి వచ్చి, తలుపు పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. మా రూమ్మేట్, నెల్లూరమ్మాయి, కెమెరా పట్టుకుంది. అంకుల్ కుట్టుకుంటూ ఉండాలి, కెమెరా వైపు చూడకూడదు. ఆయన ప్రతి టేకులోనూ చూసి నవ్వారు. మధ్యాహ్నానికల్లా మా దగ్గర నవ్వే అంకుల్ తప్ప ఇంకేమీ లేదు.

బయట గాలికి తలుపు టపటపా కొట్టుకుంటూ సౌండ్ పాడవుతుంటే, నేనే ఒక స్టాండు మీది ఇసుక సంచి తీసి తలుపుకు అడ్డం పెట్టాను. కాసేపటికి, లైటు తన మిషన్‌కు అడ్డొస్తోందని అంకుల్ ఆ స్టాండునే మోచేత్తో జరిపారు. అది పోయి, సోమవారం ఒక రెస్టారెంటుకు ఇవ్వాల్సిన ఎర్ర సీటు మీద పడింది. కొత్త రెగ్జిన్ జానెడు చిరిగింది.

ఆంటీ ముందు అంకుల్‌ను తల నుంచి కాళ్ల దాకా తడిమి చూశారు. తర్వాత నన్ను చూశారు.

క్లెయిమ్ పెడితే కాలేజీ సినిమా ఆపేస్తుందనీ, స్టడీ పర్మిట్‌కు కూడా ఎసరు వస్తుందనీ బేస్‌మెంట్‌లో అనుకునేవాళ్లం. ఎవరికీ చెప్పొద్దు మే అని రూమ్మేట్ చెవిలో గొణిగింది. నాకూ అదే మంచిదనిపించింది.

“అంకుల్, కాలేజీకి చెప్పకుంటే ఏమైతది?” అని అడిగాను.

ఆయన చిరుగులో వేలు పెట్టి చూసుకుంటూ, “నేను తోసినాను. నువ్వు సంచి తీసినావు. రెండూ రాయి” అన్నారు.

ప్రమాదం జరిగితే నింపమని కాలేజీ ఇచ్చిన ఫారంలో రెండూ రాశాను. ఇద్దరం సంతకాలు పెట్టాం. నేను తలెత్తేసరికి అంకుల్ సీటు ఒళ్లోకి లాక్కుని, పిన్నులు ఊడదీసి, కొత్త ముక్క కత్తిరించి కుట్టడం మొదలుపెట్టారు. మమ్మల్ని పూర్తిగా మరిచిపోయారు. రూమ్మేట్ నన్ను అడగకుండానే కెమెరా ఆన్ చేసింది. ఆ అరగంటలో ఆయన ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు.

రిస్క్ ఆఫీసులో ఆవిడ ఫారం చదివి, సంచి ఎటు పోయిందని మాత్రం అడిగారు. తలుపుకు పెట్టానని చెప్పాను. సీటు టైముకు అందింది కాబట్టి క్లెయిమ్ అవసరం రాలేదు. నన్ను మాత్రం మొదటి సెమిస్టర్ వాళ్లతో కలిసి సేఫ్టీ క్లాసులో మళ్లీ కూర్చోబెట్టారు. నా పర్మిట్ జోలికి ఎవరూ రాలేదు.

స్క్రీనింగ్‌కు అంకుల్ కోటు వేసుకుని వచ్చారు. తెర నిండా ఆయన చేతులు, ఎర్ర రెగ్జిన్, సూది. ఈయన మా ఆయనే అని ఆంటీ పక్క సీటు వాళ్లకు చెప్పారు, తర్వాత ముందు సీటు వాళ్లకూ చెప్పారు. తిరిగి అంకుల్ వ్యాన్‌లోనే వచ్చాం. ఒక సిగ్నల్ దగ్గర ఆయన స్టీరింగ్ వదిలి చేతులు తిప్పి చూసుకున్నారు.

“నా చేతులు అంత ముసలివా, అమ్మా?”

లైటింగ్ అట్లా పడింది అంకుల్ అన్నాను. ఏమంటున్నారని ఆంటీ వెనక సీట్లోంచి అడిగితే హిందీలో చెప్పాను. లైటింగ్ కాదు, పదేళ్లుగా అంతే అన్నారు ఆవిడ. అంకుల్ గట్టిగా నవ్వారు. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా వ్యాన్ కదల్లేదు.