కొబ్బరికాయ ఆయన చేతే కొట్టించాం

నా చిన్నప్పుడు నిజామాబాద్ వైపు మా ఊళ్ళో ఏటా చిందు భాగోతం ఆడేవాళ్ళం. మా తాతయ్య మద్దెల వాయించేవాడు, వేషాలూ దిద్దేవాడు. ముఖానికి అర్దళమనే పచ్చరంగు పూసి, మసితో మీసం గీస్తే మా చిన్నాయన కాస్తా రాక్షసరాజైపోయేవాడు.

ఊరి పెత్తనం చేసే పటేల్ వచ్చి కొబ్బరికాయ కొట్టాకే ఆట మొదలవ్వాలి. అది కట్టుబాటు. ఒక ఏడాది ఆయన ఎంతకీ రాకపోతే మావాళ్ళు మొదలుపెట్టేశారు. వస్తూనే పటేల్ మద్దెలను కాలితో తన్నాడు. మేము దండం పెట్టుకునే మద్దెల అది! తాతయ్య దాన్ని తీసి కండువాతో తుడిచాడు. నాకు ఏడుపొచ్చింది.

మరుసటి ఏడాది ఓపిగ్గా ఆగారు. లోపల తాతయ్య చిన్నాయనకు మీసం దిద్దుతూ, "పేరు తియ్యద్దు బిడ్డా, మొఖం దించాలె. పేరు ఊరే వెడ్తది" అన్నాడు. పటేల్ దర్జాగా కొబ్బరికాయ కొట్టి ముందు కూర్చున్నాడు. తెర తీస్తే రాక్షసుడికి పటేల్ వంకర మీసం, బుగ్గ మీద ఆయన పుట్టుమచ్చ! ఊరంతా విరగబడి నవ్వింది. అరిస్తే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే. ఆట అయ్యేదాకా పళ్ళు నూరుతూ కూర్చున్నాడు.

ఇప్పుడు నేను అరబ్బు దేశంలో, అల్ ఖూజ్‌లో, పెళ్ళి వేదికలకు తెరలు తయారుచేసే షెడ్డులో రంగులేస్తున్నాను. మొన్నామధ్య మా ఇంటావిడ పోయింది. సెలవడిగితే మా ముదీర్, మేనేజరన్నమాట, పోయి బతికిస్తావా అని నవ్వాడు. దహనం ఫోన్లో చూశాను. ఆ నవ్వును నేను క్షమించలేదు, క్షమించను.

ఆ తర్వాత పక్క గోడౌన్‌లోని గ్యాలరీలో బొమ్మలు తగిలించే పని పడింది. అమెరికాలోని మెక్సికో మూలాలవాళ్ళు, చికానోలట, గీసినవి. పొలం కూలీలు ఆడిన నాటకాల్లోంచి పుట్టాయని అక్కడి అమ్మాయి చెప్పింది. ఒకదాంట్లో భూస్వామికి పంది ముఖం తగిలించారు. తాతయ్యకు ఆ దేశంలోనూ చుట్టాలున్నారనిపించింది.

షెడ్డు గుమ్మం మీదికి పెద్ద బొమ్మ కావాలన్నాడు ముదీర్. రాక్షసరాజును గీశాను. వాలిన ఎడమ రెప్ప, రంగేసిన గడ్డం ముదీర్‌వే. కొబ్బరికాయ ఆయన చేతే కొట్టించాం. ముసుగు తీయగానే షెడ్డంతా గొల్లున నవ్వింది. ముదీర్ ముఖం నల్లబడింది.

"కౌన్ హై ఏ?" అన్నాడు.

"మా ఊరి పటేల్, సాబ్."

రోజూ ఆయన తన ముఖం కిందినుంచే లోపలికి రావాలి. తీయించాలంటే అది తనదేనని ఒప్పుకోవాలి. తాతయ్య ఇచ్చిన ఆస్తి నాకిదొక్కటే. ఇంకా ఖర్చు కాలేదు.